అనంతపురం ఎండలో హుడ్డు జిప్సీ: నా అనుభవం

హుడ్డు, అంటే గుడ్డ టాపు, విప్పి తిరిగే బండికి అనంతపురాన్ని మించిన ఊరు లేదని నాకు చాలామంది చెప్పారు. వాళ్ళ లెక్క ఒక్కటే, ఇక్కడ వానలుండవు. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా మాదేనని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్ళం కదా. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు, అటూఇటూ. జైసల్మేర్ పోలిక సంగతి ఎలా ఉన్నా, వాన తక్కువన్నది నిజమే. కానీ గుడ్డ టాపును తినేసేది వాన కాదు, ఎండ. దాని తర్వాత దుమ్ము. వానది మూడో స్థానం, అదీ ముఖ్యంగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. పాత మారుతి జిప్సీ ఒకటి కొని, దానికి ఇక్కడే కొత్త హుడ్డు కుట్టించుకుని, కొన్నేళ్ళుగా నడుపుతున్నాను. ఇలాంటి బండి మీద కన్నేసినవాళ్ళు మా వైపు ఇంకా ఉన్నారు, రోడ్డు మీద ఆపి మరీ అడుగుతుంటారు. సిగ్నల్ దగ్గర అంతా చెప్పడం కుదరదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నాది డ్రిప్పు పైపులు, స్ప్రింక్లర్లు, షేడ్‌నెట్లు అమ్మే వ్యాపారం. వారంలో సగం రోజులు చీనీ (బత్తాయి) తోటలకో దానిమ్మ తోటలకో పోవాల్సిందే. రోడ్డు దిగాక చేల గట్ల మీద, వంకల్లో పోయే బండి కావాలి. వెనక నాలుగు పైపు చుట్టలు పట్టాలి. ఆ పనికి జిప్సీ సరిగ్గా సరిపోతుంది. సాఫ్ట్ టాప్ మోడల్ బరువు 985 కిలోలు, టన్ను కూడా లేదు. ఇసుక వంకలో దిగబడినా నలుగురు తోస్తే కదులుతుంది. 1300 సీసీ పెట్రోల్ ఇంజన్, ఫోర్ వీల్ డ్రైవ్, నాలుగు చక్రాలకూ కమాన్ పట్టీలు. గుంటలో పడితే నడుముకు తెలుస్తుంది, అది వేరే సంగతి. ఏసీ కంపెనీ నుంచే లేదు. 1985 చివర్లో మార్కెట్లోకి వచ్చిన ఈ బండిని 2019లో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు. 2023లో వచ్చిన మారుతి జిమ్నీకి ఇనప టాపే ఉంది. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో మడిచే సాఫ్ట్ టాప్ ఇచ్చారు గానీ, ఆ డబ్బుతో నేను షాపులో రెండు సీజన్ల సరుకు నింపుకోవచ్చు. కాబట్టి సెకండ్ హ్యాండ్ జిప్సీయే గతి అయింది. మా అమ్మ మాత్రం బండి చూసి ఒకే మాట అంది: “అంత డబ్బు పోసి నెత్తిన నీడ లేని బండి తెచ్చుకున్యావే నాయనా.”

బండి బెంగళూరులో దొరికింది. కాగితాల గురించి ఎక్కువ చెప్పను, ఒక్క విషయం తప్ప. జిప్సీలో సాఫ్ట్ టాప్, హార్డ్ టాప్ అని రెండు రకాలు వచ్చాయి. ఆర్‌సీలో, పాత ఇన్వాయిస్‌లో మోడల్ పేరు పక్కన ఎస్‌టీ అని ఉందా, హెచ్‌టీ అని ఉందా చూసుకోవాలి. హార్డ్ టాప్ బండికి పై కప్పు పీకేసి గుడ్డ తొడిగి అమ్మేవాళ్ళు ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అలాంటి బండి కొంటే ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు టెన్షన్ మొదలవుతుంది. ఇక మిగిలింది అందరికీ తెలిసిందే. కర్ణాటక నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), పేరు మార్పుకు 29, 30 ఫారాలు, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకు మించి ఇక్కడ తిప్పకూడదు కాబట్టి ఈ పని వాయిదా వేయకుండా చేసుకోవడమే మేలు.

అమ్మినాయన “టాపు పక్కా వాటర్‌ప్రూఫ్ సార్” అన్నాడు. అనంతపురం దాకా వానే పడలేదు కాబట్టి ఆ మాట తేలలేదు. కానీ పెనుకొండ దాటేసరికి చీకటి పడింది, వెనక వచ్చే లారీల లైట్లు వెనక తెర మీద పడి మొత్తం పసుప్పచ్చటి మసక తప్ప ఏమీ కనబడలేదు. వెనక తెరలో ఉండే ప్లాస్టిక్ అద్దం పండిపోయి ఉంది. పొద్దున చూస్తే దాని మడత గీత మీద చివరి నుంచి చివరిదాకా బీట. ముందు అంచున కుట్టు మీద గోరు పెట్టి గీస్తే దారం పొడిపొడిగా రాలింది.

మా ఊళ్ళో ఆటోలకు టాపులు, లారీలకు టార్పాలు కుట్టే భాయ్ ఒకాయన ఉన్నాడు. జీపులు ఎక్కువగా తిరిగిన రోజుల్లో వాటి హుడ్లన్నీ ఆయనే కుట్టేవాడట. బండి ఎదురుగా ఆపితే ఆయన గుడ్డను తట్టి చూడలేదు. కుట్టు దగ్గర రెండు బొటనవేళ్ళు పెట్టి అటూ ఇటూ లాగాడు. టపటపమని విడిపోయింది.

“గుడ్డ ఇంగా రెండేండ్లు వచ్చేది అన్నా. దారం సచ్చిపోయింది. మన ఎండకు ముందు పోయేది దారమే. హుడ్డు కుట్టిస్తే గుడ్డ కన్నా ముందు దారం చూడల్ల.”

ఆ మధ్యాహ్నం ఆయన దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. నూలు దారానికి ఒక మంచి గుణం ఉంది, తడిస్తే ఉబ్బి సూది రంధ్రాన్ని అదే మూసేస్తుంది. కానీ నానుతూ ఎండుతూ ఉంటే కుళ్ళిపోతుంది. నైలాన్ దారం బలంగా ఉంటుంది గానీ ఎండకు తొందరగా పెళుసుబారుతుంది. హుడ్డుకు పాలిస్టర్ దారమే సరైనది, అందులోనూ లావుది. సూది ఎంత లావుంటే రంధ్రం అంత పెద్దది కాబట్టి దారానికి తగిన సూది వేయాలి, కుట్టు మరీ దగ్గర దగ్గరగా వేయకూడదు. దగ్గరగా వేస్తే గట్టిగా ఉంటుందని మనం అనుకుంటాం. వరసగా రంధ్రాలు పడి గుడ్డ అక్కడే చిరుగుతుందని ఆయన చిరిగిన ఒక ఆటో టాపు తెచ్చి చూపించాడు. రెండు ముక్కలు కలిసే చోట అంచులను ఒకదానిలో ఒకటి మడిచి రెండు వరసలు కుట్టాలి. ముందు ముక్క వెనక ముక్క మీదికి రావాలి, ఇంటికి పెంకులు పరిచినట్టు. అప్పుడు బండి పోతున్నప్పుడు గాలీ నీళ్ళూ కుట్టులోకి దూరకుండా మీద నుంచి జారిపోతాయి.

గుడ్డ విషయంలో మేమిద్దరం కొంచెంసేపు వాదించుకున్నాం. రెగ్జిన్ చవక, తుడిస్తే పోతుంది, కానీ ఎండకు కాగి మెత్తబడి చలికి బిగుసుకుంటుంది. మైనం పట్టించిన నూలు కాన్వాస్ చూడడానికి అందంగా ఉంటుంది, లోపల ఉక్కపోత తక్కువ. కానీ మైనం మళ్ళీ మళ్ళీ పట్టించాలి, తడిగా మడిస్తే బూజు. ఖరీదైన విదేశీ కార్లకు వాడేది మూడు పొరల గుడ్డ. పైన యాక్రిలిక్, మధ్యలో రబ్బరు పొర, లోపల పాలిస్టర్. దారంగా తీయకముందే రంగు కలిపేస్తారు కాబట్టి యాక్రిలిక్ ఎండకు అంత తొందరగా రంగు వెలిసిపోదు. అది మా ఊళ్ళో దొరకదు, తెప్పిస్తే బండి ధరలో మంచి భాగం దానికే పోతుంది. చివరికి పూత పూసిన పాలిస్టర్ కాన్వాస్ దగ్గర ఒప్పందానికి వచ్చాం. రంగు ఖాకీ. నలుపు వేస్తే లోపల కూర్చోలేం, తెలుపు వేస్తే మా ఎర్రమన్ను రెండో రోజుకే దాన్ని ఏ రంగో చెప్పలేని రంగులోకి తెస్తుంది.

పక్క తెరలకు, వెనక తెరకు వేసే ప్లాస్టిక్ అద్దం సంగతి మాత్రం నేను వదల్లేదు, అది కొంచెం నా వ్యాపారానికి దగ్గరి వస్తువు. మేం పాలీహౌస్‌లకు ఇచ్చే షీటు 200 మైక్రాన్లు ఉంటుంది, ఎండను తట్టుకునే మందు కలిపి తయారు చేస్తారు. అది పాలిథీన్, వెలుతురు వస్తుంది గానీ అవతలి మనిషి ముఖం స్పష్టంగా కనబడదు. బండికి కావాల్సింది పారదర్శకమైన పీవీసీ. పీవీసీని మెత్తగా ఉంచడానికి అందులో కొన్ని రసాయనాలు కలుపుతారు. ఎండకు అవి మెల్లగా బయటికి పోతాయి, అప్పుడు షీటు పచ్చబడి బిగుసుకుని బీటలిస్తుంది. ఆటోలకు వానాకాలం వేసే పల్చటి షీటు అయితే ఒక్క ఎండాకాలంతో సరి. 750 మైక్రాన్ల షీటు బెంగళూరు నుంచి తెప్పించుకున్నాను. చుట్టను వెలుతురుకు పట్టి చూసి, అవతల రాసిన అక్షరాలు వంకర పోకుండా కనబడితేనే కొనాలి. నల్ల షీటు వేస్తే చల్లగా ఉంటుందని కొందరు సలహా ఇస్తారు. వెనక అద్దంలో కనీసం 70 శాతం, పక్క అద్దాల్లో 50 శాతం వెలుతురు దాటాలని రూలు ఉంది. పైగా గుడ్డ టాపున్న బండిలో వెనక ఏముందో అసలే సరిగా కనబడదు, దానికి నల్ల షీటు కూడా ఎందుకు.

కుట్టడం షాపులో జరిగింది గానీ టిచ్ బటన్లు కొట్టడం మాత్రం బండి మీదే. భాయ్ దానికి మిట్టమధ్యాహ్నం రమ్మన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. ఎండలో గుడ్డా షీటూ సాగి ఉంటాయి, చలికి ముడుచుకుంటాయి. సాగినప్పుడే బిర్రుగా లాగి బటన్లు కొడితే, పుష్యమాసం తెల్లవారుజామున ఒక్క బటనూ అందదు. అలాగని వదులుగా కొడితే వేసవిలో గుడ్డ టపటపలాడుతూ తనను తానే చింపుకుంటుంది. అందుకని ఎండలో కాసేపు ఆరేసి, పూర్తిగా సాగాక, ఒక వేలు దూరేంత సందు వదిలి గుర్తులు పెట్టాడు. సుద్దముక్కతో ఒక్కొక్క గుర్తు పెట్టడం, నోట్లో పెట్టుకున్న బటన్లలోంచి ఒకటి తీసి ఆనించడం, సుత్తితో ఒక్క దెబ్బ. వరస అంతా కుడివైపు కొట్టుకుంటూ పోలేదు. కుడి మూల, ఎడమ మూల, మళ్ళీ కుడి, ఇలా ఎదురెదురుగా కొట్టాడు, లేకపోతే హుడ్డు ఒక పక్కకు గుంజుకుపోతుందట. ఇత్తడి బటన్లే కావాలని పట్టుబట్టాడు, ఇనపవి తుప్పు పట్టి గుడ్డను మరక చేస్తాయి. “ఇంగ వారం పది దినాలు ఇప్పొద్దన్నా, దాని ఆకారం అది పట్టనీ” అన్నాడు. కొత్త హుడ్డు దాన్ని మోసే ఫ్రేము పైపుల మీద కూర్చుని ఆకారం పట్టేదాకా మడవకూడదు.

అన్నీ కలిపి 20 వేల లోపే అయింది. షీటు రవాణాతో సహా.

ఇక విప్పడం, వేయడం. బటన్ నొక్కితే ముడుచుకుపోయే కన్వర్టిబుల్ కార్లున్నాయి. మినీ కూపర్‌దైతే 18 సెకన్లలో, 30 కిలోమీటర్ల వేగం లోపల బండి నడుస్తుండగానే తెరుచుకుంటుంది. నా బండికి ఇద్దరు మనుషులు కావాలి, తొందరపడితే పని పెరుగుతుంది. మొదట పక్క తెరల జిప్పులు తీసి వాటిని బయటికి తీసేస్తాను. ప్లాస్టిక్ అద్దాన్ని ఎప్పుడూ మడవను. పాత నూలు దుప్పటి పరిచి, తెర దాని మీద పెట్టి, రెండూ కలిపి చాప చుట్టినట్టు చుడతాను. ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ తగిలితే ఎండకు అతుక్కుంటుంది, మధ్యలో ఒక్క ఇసుక రేణువు ఉన్నా గీత పడుతుంది. తర్వాత వెనక తెర, పక్క బటన్లు, పట్టీలు. అన్నిటికన్నా చివర ముందు అంచు. అది అద్దం ఫ్రేము పైన ఉండే గాడిలో దూరి ఉంటుంది, దాన్ని పక్కకు జరుపుతూ తీయాలి గానీ పైకి పీకకూడదు. వేసేటప్పుడు ఇదంతా తిరగేసి: ముందు గాడి, తర్వాత పైపుల మీదుగా వెనక్కి లాగడం, పక్కలు, ఆఖరున తెరలు. ముందు అంచు గాడిలో పూర్తిగా కూర్చోకుండా బండి తీస్తే హైవే మీద గాలి దాని కింద దూరి మొత్తం హుడ్డును లేపేస్తుంది.

టిచ్ బటన్‌ను ఊడదీసేటప్పుడు గుడ్డ పట్టి లాగకూడదు. బటన్ పక్కనే వేలు దూర్చి పైకి లేపాలి. మా షాపులో పనిచేసే అబ్బాయికి ఇది చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది గానీ, ఇప్పుడు నాకన్నా వాడే జాగ్రత్తగా తీస్తాడు. జిప్పులకు కొవ్వొత్తి ముక్క రుద్దుతాం. నూనె, గ్రీజు పెడితే మా దుమ్ముకు అది గంధపు ముద్ద అవుతుంది, రబ్బరు కూడా ఉబ్బిపోతుంది. తలుపుల రబ్బర్లకు సిలికాన్ స్ప్రే ఒక్కటే కొడతాను.

హుడ్డు తీసి నడపడం ఎప్పుడు బాగుంటుందంటే, అక్టోబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడైనా సరే. మార్చి మొదలైతే పొద్దున ఎనిమిది లోపల, సాయంత్రం ఐదున్నర తర్వాత. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం హుడ్డు తీసి తిరిగేవాడికి సరదా కాదు, వడదెబ్బ దొరుకుతుంది. గాలి తగులుతూ ఉంటుంది కాబట్టి ఒళ్ళు కాలుతున్నట్టు తెలియదు, చెమట కూడా వెంటనే ఆరిపోతుంది, ఇంటికొచ్చాక తల పగిలిపోతుంది. తలకు తడి టవల్, చేతులకు పొడుగు చొక్కా, పక్కన నీళ్ళ సీసా లేకుండా నేను కదలను. సీట్ల మీద నూలు టవళ్ళు పరుస్తాను. ఆగి ఉన్నప్పుడు స్టీరింగు మీద కూడా ఒకటి కప్పకపోతే మళ్ళీ పట్టుకోలేం.

వేగం సంగతి. హుడ్డు వేసి ఉన్నప్పుడు 80 దాటితే అది పైకి ఉబ్బుతుంది. టాపు మీద గాలి వేగంగా పోయేసరికి అక్కడ ఒత్తిడి తగ్గి, లోపలి గాలి గుడ్డను పైకి నెడుతుంది. తలుపు అద్దాలు ఎక్కిస్తే కొంత తగ్గుతుంది. అసలు జిప్సీకి ఆ పైన వేగం ఎందుకూ, బ్రేకులూ కమాన్లూ అందుకు చేసినవి కావు. ఎయిర్‌బ్యాగులు లేవు, నా బండిలో వెనక బెంచీలకు బెల్టులు కూడా లేవు, అందుకే వెనక డ్రిప్పు పైపులు తప్ప పిల్లల్ని ఎక్కించను. ముందు అద్దాన్ని కూడా బానెట్ మీదికి వాల్చే ఏర్పాటు ఉంది. ఫోటోకు బాగుంటుంది. రోడ్డు మీద ఆ పని చేస్తే ఒక్క చిన్న రాయి చాలు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. ఉక్కగా ఉందని వెనక తెర ఒక్కటే పైకి చుట్టేసి, మిగతా హుడ్డు మూసి నడపకూడదు. పోతున్న బండి వెనక గాలి పల్చబడి, సైలెన్సర్ పొగను తెర సందులోంచి లోపలికి లాగుతుంది. పెట్రోల్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, మగత వస్తే ఎండ వల్ల అనుకుంటాం. వెనక తెరిస్తే ముందు నుంచి గాలి ఆడేలా తలుపు అద్దాలూ దించాలి, లేదా అంతా మూసెయ్యాలి.

దుమ్ముకు వస్తే, నాకు పెద్ద పరీక్ష తాడిపత్రి రోడ్డు. బండల లారీలు, సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి. గండికోటకు స్నేహితులతో పోయినప్పుడు కూడా అదే దారి. తిరిగొచ్చేసరికి ప్లాస్టిక్ అద్దం మీద బూడిద రంగు పొర. చేతికి ఏ గుడ్డ దొరికితే దాంతో తుడవాలనిపిస్తుంది, అక్కడే ఆగాలి. రాతి పొడి ప్లాస్టిక్ కన్నా గట్టిది. పొడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే ఎండలో చూసినప్పుడు గుండ్రటి గీతలు వేలకొద్దీ మెరుస్తాయి, ఇక అవి పోవు. నేను మొదట బకెట్ నీళ్ళు పై నుంచి కిందికి మెల్లగా పోస్తాను, దుమ్ము దానంతటదే జారేదాకా. తర్వాత చెయ్యి మునిగేంత నీళ్ళలో కొంచెం కారు షాంపూ కలిపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో పై నుంచి కిందికే తుడుస్తాను. మళ్ళీ మంచినీళ్ళు. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఆరితే తెల్లటి చుక్కలు పడతాయి, అందుకని చివరి బకెట్ మాత్రం ఇంట్లో తాగే ఫిల్టరు నీళ్ళే, ఫిల్టరు వృథాగా వదిలేసేవి కాదు. మా ఆవిడ దీని మీద చేసిన కామెంటు ఇక్కడ రాయను. అమ్మోనియా ఉండే గ్లాస్ క్లీనర్లు, థిన్నరు, కిరోసిన్, పెట్రోలు దాని దగ్గరికి రానివ్వకూడదు. వాటర్ సర్వీసు షాపులో ప్రెషర్ గన్ కుట్టుకు దగ్గరగా పెట్టి కొడతారు. బాడీ కింద కొట్టించుకోండి, హుడ్డు జోలికి పోవద్దని ముందే చెప్పండి.

ఆషాఢం గాలి గురించి మా జిల్లా వాళ్ళకు చెప్పక్కర్లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. జూన్, జులైలలో బండి ఊరికే నిలబెట్టినా హుడ్డు రాత్రంతా కొట్టుకుంటూ ఉంటుంది, కుట్లు తెగేది అప్పుడే. ఆ రోజుల్లో బండి ముఖం గాలికి ఎదురుగా ఉండేలా, అంటే పడమటి వైపు తిప్పి పెడతాను. వదులైన పట్టీలను రోజూ ఒకసారి బిగిస్తాను. మిగతా కాలాల్లో పట్టించుకోని ఒక చిన్న చిరుగు ఆషాఢంలో జానెడు అవుతుంది, కాబట్టి ఆ గాలి మొదలవక ముందే భాయ్ దగ్గరికి ఒకసారి పోయి రావాల్సిందే.

వాన వచ్చినప్పుడు హుడ్డు వేయడం కన్నా, వాన వెలిశాక చేసే పని ముఖ్యం. ఒక సెప్టెంబరు సాయంత్రం శింగనమల వైపు తోట నుంచి వస్తుంటే కొండల మీదుగా మబ్బు దిగింది. నేనూ తోట రైతూ కలిసి చింతచెట్టు కింద హుడ్డు లాగేసరికి సీట్లు సగం తడిసిపోయాయి. “ఏమప్పా, నీ బండికి గుడారం ఏసేలోపల మా పొలమంతా తడిసిపాయె, మంచిదే అయింది” అని ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక రబ్బరు మ్యాట్లన్నీ బయట పడేసి, ఫ్లోరులో ఉండే రబ్బరు బిరడాలు పీకి నీళ్ళు దించేశాను. మ్యాట్ల కింద నిలిచిన నీళ్ళే జిప్సీ ఫ్లోరును తుప్పు పట్టించేది, అది పై నుంచి కనబడదు. హుడ్డును మాత్రం తీయకుండా బిగించే ఉంచి, నీడలో గాలికి పూర్తిగా ఆరనిచ్చాను. తడి గుడ్డను మడిచి మూల పెడితే మూడో రోజుకు నల్లటి బూజు చుక్కలు వస్తాయి, ఆ వాసన ఏడాదైనా పోదు. కొంచెం బూజు కనబడితే నీళ్ళు కలిపిన వెనిగర్‌తో మెత్తటి బ్రష్షు వేసి రుద్ది కడగొచ్చు. బట్టల బ్లీచింగ్ వేస్తే బూజుతో పాటు దారం కూడా దెబ్బతినొచ్చు.

బండి ఎక్కడ పెట్టాలన్నది తేలని గొడవ. ఎండలో పెడితే ప్లాస్టిక్ పండుతుంది. వేపచెట్టు కింద పెడితే జిగట, పిట్టల రెట్టలు. రెట్ట ఎండిపోయాక గీకకూడదు, తడిగుడ్డ దాని మీద కాసేపు కప్పి నానాక తీయాలి. రెండిటిలో ఏది మేలంటే నేను చెట్టే అంటాను, రెట్టను కడగొచ్చు గానీ ఎండను కడగలేం. పిల్లుల మాట వేరు. మా వీధి పిల్లికి నా హుడ్డు మధ్య భాగం, రెండు పైపుల నడుమ, పడుకోవడానికి బాగా నచ్చింది. దూకేటప్పుడు గోళ్ళు దిగిన చోట సూది మొనంత రంధ్రాలు వరసగా పడ్డాయి. లోపల కూర్చుని పైకి చూస్తే ఎండ చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. వాటికి భాయ్ లోపలి వైపు నుంచి చిన్న ముక్కలు అతికించాడు. ఇంట్లో ఉన్నప్పుడు దాని మీద ఇప్పుడు మా షాపు షేడ్‌నెట్ ముక్క కప్పుతున్నాను, పిల్లికి కాలు చిక్కుకుంటుందని అటు రావడం మానేసింది, ఎండ కూడా సగం తగ్గింది.

దొంగతనం సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, గుడ్డ టాపు బండికి తాళం వేయడం మన తృప్తి కోసం. బ్లేడు చాలు. వెనక బెంచీ కింద ఫ్లోరుకు బోల్టులతో బిగించిన ఇనప పెట్టె చేయించుకున్నాను, సామాన్లు అందులోనే. బ్యాటరీ కోసం బానెట్‌కు వేరే తాళం. కాగితాలు ఫోన్లో డిజిలాకర్‌లో ఉంటాయి. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు ఒకటి గుర్తు పెట్టుకోవాలి. మామూలు పాలసీలో రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు క్లెయిములో 50 శాతం తరుగు కింద కోసేస్తారు. హుడ్డు చిరిగితే ఆ సగం కోసం తిరిగే కన్నా భాయ్ దగ్గరికి పోవడమే నయం.

ఇప్పుడు వెనక ప్లాస్టిక్ అద్దం అంచులు మళ్ళీ పచ్చబడుతున్నాయి. గుడ్డ, దారం గట్టిగానే ఉన్నాయి, కాబట్టి ఈసారి అద్దం ముక్కలు మాత్రమే కోసి మార్చమన్నాను. దాంతో పాటు వేసవికి వేరే టాపు ఒకటి అడిగాను. మా షాపులో ఉన్న 50 శాతం షేడ్‌నెట్‌తో, ముందు సీట్ల మీద వరకే, పక్కలు లేకుండా. గాలి ఆడుతుంది, నెత్తిన నీడ ఉంటుంది. నెట్టుకు కుట్టు నిలబడదన్నాడు భాయ్. అంచు పొడుగునా రెగ్జిన్ పట్టీ వేసి, దానికి ఐలెట్లు (తాడు దూరే రింగులు) కొట్టి, పైపులకు తాడుతో కడితే ఆగుతుందని ఆయనే దారి చెప్పి కొలతలు తీసుకున్నాడు. శివరాత్రి లోపల ఇస్తానంటున్నాడు. ఆటోల పని ఎక్కువుంటే ఉగాది దాకా పోవచ్చు.